ఎర్రగుట్ట వాలుకు ఏ రంగు

ఓబులేసు భూగోళం చదవాలని ముచ్చటపడి చేరినవాడు కాదు. 1960లో బి.ఏ.లో చేరడానికి అనంతపురం పోయినప్పుడు అతని మనసంతా చరిత్ర మీదే ఉండింది. చరిత్రలో సీట్లు నిండిపోయాయని, భూగోళంలో ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయని ఆఫీసు గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు. తిరిగి ధర్మవరం మీదుగా పెనుకొండ పోయే రైలు సాయంత్రం గానీ లేదు. అంతసేపు బెంచీ మీద కూర్చుని ఆలోచించే బదులు, సరే రాసుకోండి అనేశాడు. మనుషులు పెళ్ళిళ్ళే ఇంతకంటే తక్కువ ఆలోచనతో చేసుకుంటారు కాబట్టి దీన్ని పెద్ద తప్పుగా పట్టనవసరం లేదు.

చేరాక మాత్రం ఆ చదువు అతన్ని వదల్లేదు. తన ఊరి మీదికి మబ్బులు వచ్చినట్టే వచ్చి ఎందుకు వెళ్ళిపోతాయో అక్కడే మొదటిసారి తెలిసింది. పడమటి కొండలు అడ్డం నిలబడి వాననంతా అటువైపే దించేసుకుంటాయని, ఇటువైపు మిగిలేది ఉత్త గాలేనని, సెలవుల్లో ఇంటికొచ్చి వాళ్ళవ్వ బాలనాగమ్మకు విడమరిచి చెప్పాడు. అవ్వ శ్రద్ధగా విన్నది. అరవై ఏండ్లుగా తాను ఊరికే దేవుణ్ణి తిట్టిపోసిందని తెలుసుకుని, ఆ పూట నుంచి కొండల్ని తిట్టడం మొదలుపెట్టింది. ఆ కొండల్ని తవ్వేయమని సర్కారుకు ఒక అర్జీ పెట్టరాదా అని మనవణ్ణి పోరింది కూడా.

వాళ్ళ ఊరు ఎర్రబండపల్లె. పెనుకొండ స్టేషన్లో దిగి ఆరు మైళ్ళు నడిస్తే వస్తుంది. చెరువు కింద పిడికెడు వరి, మిగిలిందంతా శనక్కాయ, కొర్ర, ఉలవ. తూర్పున ఎర్రగుట్ట. ఓబులేసు నాయన తిమ్మప్ప ఆ ఊళ్ళో పెద్ద రైతు, చావడిలో ఆయన మాట చివరి మాట. కొడుకు భూగోళం చదువుతున్నాడని చెప్పుకోవడానికి నోరు తిరక్క 'మావాడు భూమి చదువు చదువుతాండాడు' అనేవాడు. ఊరికి అది చక్కగా అర్థమైంది. భూమి చదువంటే సర్వే, సర్వే అంటే సర్కారు. ఈ మూడింటికీ తేడా ఉందని ఓబులేసు చెప్పబోతే ఆగి వినే ఓపిక ఎవరికీ లేకపోయింది.

రెండో ఏడు ముగిశాక లెక్చరర్ రాఘవేంద్రాచార్ గారు విద్యార్థులకు ఒక పని అప్పజెప్పారు. ఎండాకాలం సెలవుల్లో ఎవరి ఊరికి వాళ్ళు పోయి ఊరి భూమంతా కొలవాలి. ఏ నేలచెక్కను దేనికి వాడుకుంటున్నారో రంగులతో పటం గీయాలి. దసరా సెలవుల్లో ఆయన స్వయంగా ఊరికి వచ్చి, పటం చేతిలో పట్టుకుని, నడిచి సరిచూసి సంతకం పెడతారు. ఆ సంతకం లేనివాణ్ణి ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వరు. ఆచార్ గారిది హిందూపురం. బక్కపలచటి మనిషి. మెచ్చుకోవాల్సి వస్తే నోటితో కాకుండా చేతిలో గొడుగు ఒకసారి ఆడించి ఊరుకునేవారు.

రంగులు ఆయనే చెప్పారు. ఇండ్లకు ఎరుపు, నీళ్ళకు నీలం, మాగాణికి ఆకుపచ్చ, దున్ని విత్తే మెట్టకు గోధుమరంగు, మేతబీడుకు పసుపు. దాంతోపాటు ఒక కట్టడి కూడా పెట్టారు. కొలిచిన రోజున కంటికి ఏది కనబడితే అదే వేయాలి. ఊరివాళ్ళు చెప్పింది కాదు, కాగితాల్లో రాసుకున్నది కాదు, ఉంటే బాగుండునని నీకు అనిపించింది అసలే కాదు. కన్ను అబద్ధమాడిందంటే పటం చించేస్తానన్నారు. ఓబులేసుకు ఆ మాట బాగా నచ్చింది. ఇరవై ఏండ్ల వయసులో కట్టడులు నచ్చుతాయి.

అతను కాలేజీలో ఇచ్చిన మూడుకాళ్ళ సర్వే బల్ల, కొలిచే ఇనుప గొలుసు, అనంతపురం బజారులో కొన్న రంగు పెన్సిళ్ళ డబ్బా పట్టుకుని రైలు దిగేసరికి, అతనికంటే ముందు ఇంకో సంగతి ఊరికి చేరి ఉంది. భూమికి పరిమితి పెడుతూ ఏదో చట్టం వచ్చిందని, ఎక్కువున్నవాళ్ళ దగ్గర లాక్కుని లేనివాళ్ళకు ఇస్తారని ఏడాదిగా అనుకుంటున్నారు. ఎప్పుడొస్తారో, ఎవరొస్తారో ఎవరికీ తెలియదు. సరిగ్గా అప్పుడే ఓబులేసు మూడుకాళ్ళ బల్ల తీసుకెళ్ళి చేను మధ్యలో నిలబెట్టాడు. ఇక ఊరిని తప్పుపట్టి ఏం లాభం.

మరుసటి రోజు నుంచే మనుషులు రావడం మొదలైంది. హనుమప్పకు చేను ఎక్కువ, అందులో సగం పట్టుకుపోతారని భయం. తన పై చేనంతా ఒట్టి బీడని, పసుపు వేస్తే పుణ్యముంటుందని అడిగాడు. చిన్నప్పకు వంక పక్కన పట్టా లేని ముక్క ఉంది. ఎక్కువ వద్దప్పా, వేలెడంత గోధుమరంగు చాలు అన్నాడు. సిద్దమ్మ తన పూరిగుడిసెకు ఎరుపు కాస్త మందంగా పూయమంది, పలచగా ఉంటే పై ఆఫీసరుకు కనబడదేమోనని. కుండలో నెయ్యి, గంపలో దోసకాయలు అవ్వ అడక్కుండానే ఇంట్లోకి చేరాయి. అవ్వ వాటిని వెనక్కి పంపించిన దాఖలా లేదు.

ఓబులేసు అందరికీ ఒకటే చెప్పాడు. ఇది పరీక్ష కోసం గీసే పటం, సర్కారుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, దీన్ని చూసి ఒక్క సెంటు కూడా ఎవరూ ఇవ్వరు, తీసుకోరు అని. ఆరువారాల పాటు చేను చేనుకూ చెప్పాడు. అందరూ తలాడించారు, ఎవరూ నమ్మలేదు. విలువలేని కాగితం గీసేదానికి నువ్వు మూడేండ్లు హాస్టల్లో ఎందుకుంటావప్పా, మీ నాయనెందుకు ఉంచుతాడు అని సిద్దమ్మ అడిగింది. రెండేండ్లుగా ఓబులేసుకూ అప్పుడప్పుడూ వచ్చే అనుమానమే అది.

గొలుసు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ పనికి ముత్యాలప్ప తనంతట తానే వచ్చాడు. యాభై ఏండ్లవాడు, గొర్రెలకాపరి. ఊళ్ళో అయిదు కాపరి ఇండ్లున్నాయి, అన్నీ కలిపి మూడువందల గొర్రెలు. తన మందను తమ్ముడికి అప్పజెప్పి, ముత్యాలప్ప రోజూ ఎండలో గొలుసు ఈడ్చాడు. ఏ వంక ఎక్కడ పుట్టి ఎక్కడ ఇంకిపోతుందో, ఏ గట్టు ఎవరి తాతల నాడు జరిగిందో అన్నీ చెప్పేవాడు. అక్షరం ముక్క రానివాడికి ఊరి పటమంతా నోటికి వచ్చు. ఓబులేసు దాన్ని కాగితం మీదికి దించుకున్నాడంటే అబద్ధం కాదు.

పడమటి చేలు, చెరువు, ఊరు, దక్షిణం వైపు మెట్ట అన్నీ అయిపోయాయి. ఆఖరికి ఎర్రగుట్ట వాలు మిగిలింది. నలభై ఎకరాలు. గుట్ట పైనంతా బండ, కిందంతా పట్టా చేలు, మధ్యన ఈ వాలు. అది సర్కారుది, ఎవరి పేరా లేదు. తాతల కాలం నుంచి ఊరి గొర్రెలు మేసేది అక్కడే. వాన తక్కువైన ఏడు కూడా అక్కడ గడ్డి ఉంటుంది. రేపు అది కొలిచేస్తే పని అయిపోతుందని చెప్పి ఓబులేసు ఒకరోజు పెనుకొండ పోయాడు.

ఆ రోజే రోహిణి కార్తెలో మొదటి వాన పడింది. తెల్లవారి బల్ల మోసుకుని వాలు దగ్గరికి వెళ్ళేసరికి ఏడు జతల ఎద్దులు ఎర్రటి సాళ్ళు తీస్తూ తిరుగుతున్నాయి. ఎద్దులన్నీ తన ఇంటివీ, పెదనాయన ఇంటివీ. గడ్డి వేళ్ళు పైకి తేలి ఉన్నాయి. తిమ్మప్ప గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"దున్నినదానికి ఏం రంగన్నావు?" అని కొడుకును అడిగాడు.

"గోధుమరంగు."

"అయితే అది పెట్టు. కంటికి కనబడిందే పెట్టమన్నాడంట గదా మీ సారు."

ఓబులేసు భుజాన ఉన్న బల్ల దించాడు. ఆ తర్వాత, ఊరివాళ్ళంటే తెలియక భ్రమపడ్డారు, నువ్వు కూడానా, ఈ పటంతో భూమి నీది కాదు నాయనా అని చెప్పాడు. తిమ్మప్పకు కోపం రాలేదు. కొడుకును కొంచెం జాలిగా చూశాడు.

"నాకు తెలుసబ్బా. పోయిన వారమే తాలూకా ఆఫీసులో విచారిస్తి. సదువుకునే పిల్లోళ్ళ బొమ్మ అన్నారు. ఆ సంగతి నాకు తెలిస్తే చాలు. ఊరికి తెలియాల్సిన పని లే."

అదీ సంగతి. ఊరంతా పొరబడితే, ఊరి పొరబాటును నాగలికి కట్టి దున్నుకున్నవాడు తిమ్మప్ప ఒక్కడే. ఆ మధ్యాహ్నమే చావడిలో కూర్చుని, సర్కారు పటంలో ఏ రంగు పడితే అదే ఖాయమని, పడ్డాక తనను అడిగి లాభం లేదని, తన కొడుకే అయినా మారుస్తాడని ఎవరూ అనుకోవద్దని అందరికీ వినబడేట్టు చెప్పాడు. వారం తిరిగేసరికి మృగశిర వానలకు వాలంతా శనక్కాయ విత్తారు.

విత్తిన మరుసటి పొద్దున ముత్యాలప్ప వచ్చాడు. ఓబులేసు పంచలో బల్ల వేసుకుని గీతలకు సిరా పెడుతున్నాడు. ముత్యాలప్ప లోపలికి రాలేదు, అరుగు కింద నిలబడ్డాడు. నలభై రోజులు గొలుసు పట్టిన మనిషి, పటం మీద ఖాళీగా ఉన్న చోటు ఏదో చూడగానే గుర్తుపట్టాడు.

"ఆ వాలుకు ఏ రంగు పెడ్తాండావు ఓబులేసప్పా?"

ఓబులేసు పెన్ను పక్కన పెట్టి పాత పాటే అందుకున్నాడు. ఏ రంగైనా ఒకటే ముత్యాలన్నా, ఈ కాగితానికి విలువ లేదు, మా నాయనక్కూడా ఆ సంగతి తెలుసు, నువ్వు పోయి గొర్రెల్ని తోలు, ఈ కాగితం చూపించి నిన్ను ఆపే హక్కు ఎవరికీ లేదు అన్నాడు. ఈసారి బతిమాలినట్టే చెప్పాడు. ముత్యాలప్ప ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు మంచోనివి. నా మనసు కష్టపడకుండా అట్ల చెప్తాండావు" అన్నాడు. "గొలుసు పట్టింది నేనే గదప్పా. జానెడు తేడా వస్తే మళ్ళా మొదటినుంచీ కొలిపిస్తివి. ఉత్త బొమ్మకు అంత సూటిగా ఎవురన్నా కొలుస్తారా?"

ఓబులేసు సిరాబుడ్డికి మూత బిగించాడు.

"అది పోతే గొర్రెలమ్ముకోవాల. అయిదిండ్లోళ్ళమూ. గొర్రెలు లేనోడు ఈ ఊర్లో ఏం జేస్తాడు, మీ నాయన చేలో కూలికి పోతాడు. నేను నిన్ను ఏం అడగను. కొలిచినోనివి నువ్వు, నీకు తెలుసు." అని తుండుగుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఓబులేసు పంచలో నుంచి కదల్లేదు. పటమంతా పూర్తయింది. వాలు ఒక్కటే తెల్లగా మిగిలింది, అరచేయంత. గోధుమరంగు వేస్తే సారు చెప్పినట్టే చేసినవాడవుతాడు, పటం నిఖార్సుగా ఉంటుంది, కన్ను అబద్ధమాడదు. అయిదిండ్లు మాత్రం కూలికి పోతాయి. అలాగని పసుపు వేస్తే కళ్ళారా చూసిన సాళ్ళను చూడలేదన్నట్టు. ఇంతా చేసి ఆ కాగితం నిజంగా ఎందుకూ కొరగానిది. ఎందుకూ కొరగాని కాగితం మీద పెట్టే రంగుకు తనకు చెమటలు పడుతున్నాయేమిటని అతనికి తన మీదే కోపం వచ్చింది. నాయన మీద ఎంత కోపం రావాలో అంత రాలేదు, అదింకా కష్టంగా ఉండింది.

చివరికి పసుపు పెన్సిల్ తీసి, అంచులు దాటకుండా నింపేశాడు.

వారం తర్వాత ఊరు పటం చూడాలని పట్టుబట్టింది. బడి గోడకు తగిలిస్తే ఆడామగా అందరూ వచ్చారు. ఎవరి చెక్క వాళ్ళు వెతుక్కున్నారు. హనుమప్ప పై చేనుకు గోధుమరంగు పడింది, మొహం వేలాడేశాడు. చిన్నప్ప ముక్క వంక పక్కన వేలెడంత కనిపించింది, వాడు దాన్ని వేలితో తాకబోతే పది మంది చెయ్యి పట్టుకున్నారు. అందరి కళ్ళూ తూర్పు పక్కకు పోయాయి. అదేందప్పా అని ఎవరో అడిగారు. పసుపు, మేతబీడు అని ఓబులేసు చెప్పాడు. తిమ్మప్ప వెనక నిలబడి ఉన్నాడు. కొడుకును చూశాడు, పటాన్ని చూశాడు, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆరు వారాలుగా ఈ కాగితానికి విలువ లేదని కనబడిన ప్రతివాడికీ చెప్పిన ఓబులేసు, ఆ రోజు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

మరునాడు పొద్దున మూడువందల గొర్రెలూ వాలు మీదున్నాయి. శనక్కాయ మొలకలు రెండంగుళాలు లేచి లేతగా ఉన్నాయి. మధ్యాహ్నానికి ఎక్కడో కొన్ని తప్ప మిగల్లేదు. తిమ్మప్ప జీతగాళ్ళు పరుగెత్తుకొచ్చి ఏం చేయమంటావని అడిగారు. కర్రలు పట్టుకుని పోవచ్చు, కానీ ఏమని చెప్పి కొట్టాలి? ఆ పటం ఉత్తదని చెప్పాలి. ఉత్తదైతే వాలు దున్నిందెందుకని అడుగుతారు. పడ్డ రంగే ఖాయమని చావడిలో అందరి ముందూ అన్నది తానే. తిమ్మప్ప తెలివైనవాడు, ఇవన్నీ ఒక నిమిషంలో ఆలోచించుకున్నాడు. పోనీండి అన్నాడు. ఇంట్లో మాత్రం మూడురోజులు కొడుకుతో మాట్లాడలేదు. అన్నం తినే వేళకు అవ్వ ఇద్దరి మధ్యలో పీట వేసుకుని కూర్చుని, మబ్బులు రాకపోవడానికి ఈ మాటు కూడా కొండల్నే తిట్టింది.

దసరాకు ఆచార్ గారు వచ్చారు. పెనుకొండ స్టేషన్ నుంచి ఎద్దుల బండిలో, గొడుగు వేసుకుని. ఊరి దృష్టిలో ఓబులేసు చిన్న సర్వేయరైతే ఈయన పెద్దాఫీసరు. బండి దిగక ముందే నలభై మంది పోగయ్యారు. ఎవరో చామంతి దండ తెచ్చారు. ఆయన దండ చేతిలోకి తీసుకుని, ఇదెందుకో అర్థంగాక ఎద్దు కొమ్ముకు తగిలించారు. తర్వాత పటం విప్పి నడవడం మొదలుపెట్టారు. వెనకే ఊరు నడిచింది. చెరువు దగ్గర ఆగారు, వంక దగ్గర ఆగారు, హనుమప్ప చేను అడుగులతో కొలిచారు. అన్నీ సరిపోయాయి. గొడుగు రెండుసార్లు ఆడింది. ఒకే రోజు ఆయన దాన్ని రెండుసార్లు ఆడించడం ఓబులేసు రెండేండ్లలో చూడలేదు.

వాలు మీద గొర్రెలు మేస్తున్నాయి. గడ్డి మళ్ళీ లేచింది. ఆచార్ గారు పటంలో పసుపు చూశారు, ఎదురుగా గొర్రెల్ని చూశారు, తల పంకించి ముందుకు కదిలినవారు కదిలినట్టే ఆగిపోయారు. గొడుగు కొనతో గడ్డి పక్కకు తోశారు. కింద సాలు. ఇంకొంచెం పక్కన ఇంకో సాలు. గొర్రెల నోటికి తప్పించుకున్న నాలుగు శనక్కాయ మొక్కలు ఒకే వరసలో ఉన్నాయి.

కాలేజీలో మాదిరిగా ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. ఊరు చుట్టూ నిలబడి ఇద్దరి నోళ్ళనూ మార్చి మార్చి చూసింది. నువ్వు పటం గీసిన రోజున ఈ నేల ఎలా ఉండింది అని ఆయన అడిగారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, గొర్రెలు కళ్ళ ముందే ఉన్నాయి. ఓబులేసు తప్పించుకోలేదు. దున్ని ఉండింది సార్, విత్తి కూడా ఉండింది అన్నాడు. మరి పసుపెందుకు వేశావంటే జరిగిందంతా చెప్పాడు. నాగళ్ళు ఎవరివో, ఎందుకు దున్నారో, ఈ పటాన్ని ఊరు ఏమనుకుంటోందో, ఇప్పుడు కూడా ఏమనుకుంటూ నిలబడి ఉందో అన్నీ చెప్పాడు.

ఆచార్ గారు చివరిదాకా విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మేస్తున్న గొర్రెల్ని కాసేపు చూశారు కూడా. అయితే తాను దిద్దడానికి వచ్చింది పటాన్ని గానీ ఊరిని కాదన్నారు. జూన్‌లో దున్నిన నేల జూన్ పటంలో దున్నిన నేలే. జేబులోంచి గోధుమరంగు పెన్సిల్ తీసి ఓబులేసు చేతిలో పెట్టారు. ఇక్కడే, ఇప్పుడే దిద్దు, నిమిషం పని, సంతకం పెట్టేస్తాను, మిగతా పటం నేను ఇన్నేండ్లలో చూసినవాటిలో మంచిది అన్నారు. దిద్దకపోతే మాత్రం ఈ ఏడు పరీక్ష లేదు.

ఓబులేసు చేతిలో పెన్సిల్ చూడగానే ఊరు దగ్గరికి జరిగింది. ముత్యాలప్ప గొర్రెల పక్కనే నిలబడిపోయాడు, రాలేదు. తిమ్మప్ప ముందుకొచ్చాడు. ఇంగ్లీషు రాకపోయినా అది ఏ రంగు పెన్సిలో ఆయనకు కనబడుతూనే ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆయన మొహం తేటపడింది.

ఓబులేసు పెన్సిల్ తిరిగి ఇచ్చేశాడు. దిద్దలేను సార్ అన్నాడు.

ఆచార్ గారు ఎర్రసిరా పెన్ను తీసి, పటాన్ని ఓబులేసు మోసుకొచ్చిన సర్వే బల్ల మీద పరిచి, పసుపు చెక్క మీద అడ్డంగా ఇంగ్లీషులో రెండు ముక్కలు రాశారు. 'తప్పు. అంగీకరించలేదు.' కింద సంతకం చేసి తేదీ వేశారు. పటం శిష్యుడి చేతికిచ్చి, వచ్చే ఏడు వేరే ఊరు ఎంచుకొమ్మని చెప్పి, బండి ఎక్కి వెళ్ళిపోయారు.

బండి కనుమరుగయ్యాక ఊరు పటం చుట్టూ మూగింది. అంతవరకూ గొర్రెల దగ్గరే నిలబడ్డ ముత్యాలప్ప కూడా వచ్చి పటంలోకి తొంగిచూశాడు. ఊళ్ళో ఇంగ్లీషు చదవగలిగింది ఓబులేసు ఒక్కడే. తిమ్మప్ప అడిగాడు.

"ఏం రాసినాడు సారు?"

ఉన్నదున్నట్టు చెబితే వాలు ఆ నిమిషమే పోతుంది. ఓబులేసు ఎర్ర అక్షరాల కేసి చూస్తూనే చెప్పాడు.

"మేతబీడని రాసినాడు నాయనా. సంతకం చేసినాడు."

అందరూ నమ్మారు. ఎర్రసిరాతో, తేదీతో పెద్దాఫీసరు పెట్టిన సంతకం ఊరి భూమిలో ఇంకే చెక్క మీదా లేదు. ముత్యాలప్ప పటానికి చేతులెత్తి దండం పెట్టి గొర్రెల దగ్గరికి పోయాడు. ఓబులేసుకు ఆ దండం చూడబుద్ధి కాలేదు.

మార్చి వచ్చింది. అతనితో చదివినవాళ్ళంతా అనంతపురంలో పరీక్షలు రాస్తుంటే ఓబులేసు ఇంట్లో ఉన్నాడు. ఎందుకు పోలేదని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. సర్కారు పటం గీసి పెద్దాఫీసరు చేత సంతకం పెట్టించుకున్నవాడికి ఇంకా పరీక్షేమిటని వాళ్ళ ఉద్దేశం. లెక్క కట్టుకున్నది తిమ్మప్ప ఒక్కడే. ఉగాది పోయిన నాలుగో రోజు పొద్దున, కొట్టంలో ఎద్దులకు మేత వేస్తూ, తల తిప్పకుండా అడిగాడు.

"తప్పని రాసినాడు గదా ఆ పొద్దు?"

"ఊ" అన్నాడు ఓబులేసు.

"ఏడాది పాయె."

"పాయె."

తిమ్మప్ప చేతులు దులుపుకుని, తుండుగుడ్డ తీసుకుని చావడి వైపు నడిచాడు. వాలు వెనక్కి రావాలంటే ఆయన ఇప్పుడు ఒక్క మాట చెబితే చాలు. సారు తప్పని రాసినాడు, నా కొడుకు ఊరందరి ముందూ అబద్ధమాడినాడు అని. అందులో ప్రతి అక్షరమూ నిజం. కాసేపటికి ఓబులేసు కూడా వెనకే వెళ్ళి చావడి గోడ పక్కన నిలబడ్డాడు.

లోపల వానల గురించి మాట్లాడుకుంటున్నారు. హనుమప్పకు కడుపుమంట ఇంకా తీరలేదు కాబోలు, ఈ ఏడన్నా ఎర్రగుట్ట వాలులో విత్తుతావా తిమ్మప్పా అని అడిగాడు. తిమ్మప్ప తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"ఆడ యాడ విత్తేదప్పా. అది మేతబీడు గదా. మావాని పటంలో సారు సంతకం గూడా ఉండాది."

ఏడాది పోయినందుకు రాని ఏడుపు ఓబులేసుకు అప్పుడు వచ్చింది.